తొమ్మిదో ఆట

పాయింటు ఊరికే వస్తుందంటే మొహం మాడ్చుకున్న మనిషిని నల్లగండ్ల స్కూలు హాల్లో ఉన్నవాళ్లు ఆ శనివారం సాయంత్రమే మొదటిసారి చూశారు.

చదరంగం పోటీ చివరి రౌండులో ఎవరు ఎవరితో ఆడాలో రాసిన కాగితాన్ని ఆర్బిటర్ ఫిలిప్ గోడకు అంటిస్తున్నాడు. వెనక నిలబడ్డ రంగనాథ్‌ను చూసి, "నీ పంట పండింది రంగనాథ్. రేపు నీకు అబ్రహాం గారు పడ్డారు. ఆయన రాలేనని ఇప్పుడే ఫోన్ చేశారు. ఉండేది బాచుపల్లి. బస్సులు వారం నుంచే లేవు, రేపు రైళ్లూ ఆటోలూ కూడా బంద్. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి కూర్చో. గంట చూసి నీకు పాయింటు రాసేస్తా" అన్నాడు.

"ఆడకుంట వచ్చిన పాయింటు రేటింగుకు లెక్కకొస్తదా సార్?"

"రాదు. రేటింగుకు ఆడిన ఆటే ఆట."

"గట్లయితే నాకు పాయింటొద్దు. ఆట గావాలె."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "అన్నా, నీకొద్దంటే నాకియ్యి" అన్నాడొకడు. రంగనాథ్ నవ్వలేదు. జేబులోంచి తాళంచెవి తీశాడు, మళ్లీ జేబులో వేశాడు, మళ్లీ తీశాడు. చేతులు ఊరికే ఉంచడం ఆయనకు పుట్టుకతోనే రాదు.

2011 సెప్టెంబరు అది. సకల జనుల సమ్మె రెండో వారంలో పడింది. రంగనాథ్‌కు ముప్పై ఏడేళ్లు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రాన్స్‌పోర్ట్ డెస్కు చూస్తాడు. ఏ కారు ఏ వీధిలో ఎవరిని ఎక్కించుకోవాలో, ఎవరిని ఎన్ని గంటలకు దింపాలో చెప్పే పని. నాలుగు వందల మంది ఇంజినీర్లకు ఆయన గొంతు తెలుసు, మొహం తెలియదు. మధ్యాహ్నం క్యాంటీన్లో చదరంగం బల్ల దగ్గర మాత్రం మొహం కూడా తెలుసు. కంపెనీ టీం కెప్టెన్ మధుసూదన్‌ను ఆయన ఆ బల్ల మీద పదకొండు సార్లు ఓడించాడు. మధుసూదన్‌ది ప్రొద్దుటూరు. మర్యాదస్తుడు. ఓడినప్పుడల్లా లేచి చెయ్యిచ్చేవాడు. కంపెనీల మధ్య పోటీకి టీం వేసేటప్పుడు మాత్రం, "రేటింగ్ ఉన్నోళ్లనే తీసుకోవాల రంగనాథ్ గారూ. నేను పెట్టిన రూల్ కాదు" అన్నాడు. అబద్ధం కూడా కాదు.

రేటింగ్ అంటే ప్రపంచ సంఘం వాళ్ల జాబితాలో పేరు, పేరు పక్కన ఒక అంకె. అది రావాలంటే అప్పటికే అంకె ఉన్నవాళ్లతో తొమ్మిది ఆటలు ఆడాలి. గెలవనక్కర్లేదు, మరీ సున్నా చుట్టకుండా ఉంటే చాలు. రంగనాథ్ మూడు పోటీల్లో కలిపి ఎనిమిది ఆడాడు. సెలవు దొరికినప్పుడే ఆడటం, దొరికినా అవతలివాడికి రేటింగ్ ఉండకపోవడం, ఇలా ఎనిమిదికి రెండేళ్ల చిల్లర పట్టింది. అంతకు మించితే పాత ఆటలు చెల్లవు. మొదటి మూడూ ఈ నెలతో మురిగిపోతాయి. అంటే రేపు ఆడితే తొమ్మిది, ఆడకపోతే ఎనిమిది కూడా కాదు, ఐదు.

ఫిలిప్ దగ్గర నంబరు తీసుకుని అక్కడే, మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాడు.

"రాలేనని చెప్పానండి ఫిలిప్ గారితో," అన్నారు అబ్రహాం. గొంతులో గోదావరి జిల్లా. "ఓటమి రాసుకోమన్నాను. మీకు పాయింటు ఊరికే వస్తుంది కదండీ."

రంగనాథ్ తొమ్మిదో ఆట సంగతి చెప్పాడు. నడుస్తూ, మెట్లు ఎక్కుతూ దిగుతూ చెప్పాడు.

"మొన్న మియాపూర్‌లో ఎవరో ఆపి ఏ జిల్లా అని అడిగారండి," అన్నారు అబ్రహాం. "కొట్టలేదు, తిట్టలేదు. అడిగారంతే. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో ఇక్కడే చేశాను. ఎప్పుడూ ఎవరూ అడగలేదు. అందుకని మనసు రావడం లేదు."

"నేను తీస్కపోత సార్. నేనే దింపుత. మీ మీదికి ఎవ్వరు రారు."

"ఎలా తీసుకెళతారండి? రేపు కార్లు తిరగనిస్తారా?"

"నా పనే అది సార్."

"ఆరింటికి చర్చి ఉంటుంది. అది అయ్యాకే," అన్నారు అబ్రహాం.

రంగనాథ్ పనిలో ఒక సూత్రం ఉంది. బంద్ రోజు కారు పంపించడం ఎవడివల్లా కాదు, బంద్‌కు ముందు రోజు కారు ఎక్కడ నిద్రపోయిందన్నదే లెక్క. రేపు పొద్దున ఎక్కాల్సిన మనిషి వీధిలో ఈ సాయంత్రమే కారు పండాలి. పెద్ద రోడ్ల మీద టైర్లు కాలతాయి, చిన్న ఊళ్ల మధ్య మట్టిదారుల్లో కాలవు. ఈ రెండేళ్లలో ఎన్ని బంద్‌లు జరిగాయో ఆయన డెస్కు పుస్తకంలో ఉంది. ఒక్క కారు అద్దం పగలలేదు.

కంపెనీకి కారు తిప్పే మునిస్వామి ఇండికాను సొంత పనికి అడుక్కుని, చీకటి పడకముందే ఇంటికెళ్లి బట్టలు సర్దుకున్నాడు. భార్య లావణ్య స్టవ్ దగ్గర నుంచి తిరగలేదు.

"ఎవలనో బతిమాలి తెచ్చుకుని మరీ ఓడుతవా?"

"ఓడుతనని ఎవలన్నరు?"

"రైల్వేల ఆడినాయన అన్నవు గద. నువ్వేమో అన్నం తినేటప్పుడు గూడ నాలుగు సార్లు లేస్తవు. ఆట గంటలు గంటలు కూసుండాలె."

ఆమె అన్నది ఆట గురించి కాదు గానీ, ఆట గురించి కూడా సరిపోయింది. రంగనాథ్ చదరంగం నేర్చింది లింగంపల్లి స్టేషన్ పక్క హోటల్లో. అక్కడ బల్లకు ఇద్దరు ఆడేవాళ్లు, ఎనిమిది మంది మాట్లాడేవాళ్లు. చాయ్ చల్లారే లోపల ఆట తేలాలి. గుర్రం ఇచ్చి, ఏనుగు ఇచ్చి, ఎదుటి రాజును నడివీధిలోకి లాక్కొచ్చి కొట్టాలి. అదే మొగోడి ఆట. బంట్లు సర్దుకుంటూ కూర్చునేవాడిని "పెండ్లిచూపులకొచ్చినవా" అని లేపేసేవారు. ఆ హోటల్లో నియమాలు కూడా వేరు. రాజు ఇంకా ఒక్క చెక్ కూడా తినకుంటే, ఆటలో ఒక్కసారి గుర్రంలాగా ఎగరొచ్చు. రంగనాథ్ తన మొదటి పెద్ద పోటీలో ప్రాణం మీదికి రాగానే రాజును అలాగే ఎగిరించాడు. ఎదుటివాడు ఆర్బిటర్‌ను పిలిచాడు. ఆ ఆర్బిటర్ ఫిలిపే. "ఇది లింగంపల్లి కాదు నాయనా" అన్న మాట అప్పటి నుంచి ఈ పోటీల్లో తిరుగుతూనే ఉంది.

ఆ రాత్రి నిజాంపేటలో మేనత్త ఇంట పడుకున్నాడు. ఇండికా అబ్రహాం ఇంటి సందులోనే పండింది.

పొద్దున ఏడున్నరకు వస్తానన్న మనిషి ఎనిమిదిన్నర అయినా చర్చిలోంచి బయటికి రాలేదు. రాష్ట్రంలో శాంతి కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారట. రెండు ప్రాంతాల వాళ్లూ ఒకే బల్లల మీద కూర్చునే చర్చి కాబట్టి, పాస్టరు ఎవరికీ నొప్పి తగలకుండా ప్రార్థించాల్సి వచ్చి చాలాసేపు ప్రార్థించాడు. రంగనాథ్ గేటు ముందు కారు చుట్టూ తిరుగుతూ నాలుగు టైర్లనూ రెండేసి సార్లు తన్ని చూశాడు.

అబ్రహాం పొట్టి మనిషి. అరవై మూడేళ్లు. కుడి మోకాలికి పట్టీ. ఆయన భార్య మరియమ్మ ఒక సంచి పట్టుకుని కారుదాకా వచ్చింది.

"ఇడ్లీలు పెట్టాను బాబూ. మోకాలు మడిచి ఎక్కువసేపు కూర్చోనివ్వకు. మళ్లీ నువ్వే తీసుకొస్తావుగా?"

"నేనే తెస్తనమ్మ."

"ఆయన్ని గెలిచినా సరే?"

"గెలిచినా, ఓడినా."

కారు మల్లంపేట మీదుగా అమీన్‌పూర్ వైపు తిరిగింది. వానకు కోసుకుపోయిన దారి. గేదెలు అడ్డొచ్చాయి గానీ మనుషులు రాలేదు. ఒకచోట ఎడమకు పోవాల్సింది పోయి, రంగనాథ్ కుడికి, రాళ్ల మిల్లు వెనక నుంచి తిప్పాడు.

"అటు బాగుంది కదండీ రోడ్డు?" అన్నారు అబ్రహాం.

"బాగున్న రోడ్డు మీదనే కూసుంటరు సార్. ఆ మూల మీద పోయిన బంద్‌ల టెంటు ఏసిన్రు. ఇయ్యాల ఎయ్యకపోవచ్చు. కానీ నేనైతే ఆడనే ఏస్త."

అబ్రహాం వెనక సీటులోంచి ముందుకు వంగారు. "మీ ఆటలు రెండు మూడు చూశానండి, పక్క బల్ల మీద. మీరు ఆట మొదలవుతూనే కొట్టడానికి వెళతారు. ఏది దొరికితే అది ఇచ్చేస్తారు."

"కొట్టే ఆట సార్ మాది. మీది కూసుండే ఆట."

"కూర్చునే ఆటేనండి. సిగ్నల్ డిపార్ట్‌మెంటులో చేశాను కదా. మా దగ్గర తొందరపడితే రెండు బళ్లు ఒకే పట్టా మీదికి వస్తాయి." ఆయన నవ్వలేదు. "నాకు అర్థం కానిది ఒకటే. నిన్న సాయంత్రం కారు తెచ్చి మా సందులో పెట్టారు. ఏ మూల మీద ఎవరు కూర్చుంటారో ముందే చూశారు. ఎవరి మీదికీ వెళ్లకుండా, ఎవరినీ అడక్కుండా తీసుకొస్తున్నారు. ఇంత నెమ్మదిగా కారు నడిపించే మనిషి బల్ల మీద అలా ఎందుకు ఆడతారండి?"

రంగనాథ్ గేరు మార్చాల్సిన పని లేకపోయినా మార్చాడు. పనిని, ఆటను ఆయన ఎప్పుడూ ఒక సంచిలో వేసుకోలేదు. పని జీతం కోసం. ఆట, ఆ జీతం చేతుల్లో మిగిల్చిన దురద కోసం.

లింగంపల్లి చేరేసరికి తొమ్మిదీ ముప్పై అయిదు. అప్పటికే అక్కడ హాల్లో గడియారం మొదలై ఉంటుంది. తెల్లపావులు రంగనాథ్‌వి కాబట్టి నడిచేది ఆయన గడియారమే. ఇద్దరూ పదిన్నర లోపు చేరకపోతే ఇద్దరికీ ఓటమి. అలాంటి ఆట కూడా లెక్కకు రాదు.

నల్లగండ్ల వైపు పోవాలంటే పట్టాల కింది నుంచి ఒకటే దారి. దాని మూతి మీద సమ్మెవాళ్ల వంటావార్పు నడుస్తోంది. రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ల పొయ్యిలు, పెద్ద గిన్నెలో ఎసరు, పక్కన టార్పాలిన్ మీద ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్లు. పైన పట్టాల మీద జెండాలు పట్టుకుని కూర్చున్న జనం. వెనక వరసగా బండరాళ్లు. ఉల్లిగడ్డల బస్తా మోసుకొస్తున్న మనిషి కారు నంబరు చూసి ఆగాడు. రంగనాథ్ తమ్ముడు ప్రవీణ్. ఆర్టీసీ కండక్టరు, పంతొమ్మిదో తారీఖు నుంచి సమ్మెలో ఉన్నాడు.

"ఏంది అన్నా, ఆదివారం గూడ ఐటోళ్లను మోస్తున్నవా?"

"ఐటీ కాదు రా. జర రాళ్లు జరుపు. పదిన్నరకు నల్లగండ్లల ఉండాలె."

"మా ఇంట్ల మనిషే బంద్‌ల బండి తీస్తే నేను వేరేటోన్ని ఏమని ఆపాలె?" ప్రవీణ్ వంగి వెనక సీటులోకి చూశాడు. "పెద్దాయన ఎవరు?"

రంగనాథ్ తాళం తిప్పి ఇంజను మళ్లీ స్టార్ట్ చేశాడు. వెనక్కి తిప్పి తెల్లాపూర్ మీదుగా పోతే తొమ్మిది కిలోమీటర్లు, దారి ఎలా ఉందో తెలియదు. లేదా దిగి తమ్ముడి కాలర్ పట్టుకోవాలి. రెండిట్లో ఏది ముందు చెయ్యాలా అని చూస్తుండగానే వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అబ్రహాం దిగి, మోకాలు పట్టుకుని నెమ్మదిగా నడిచి, టార్పాలిన్ అంచున కూర్చున్నారు.

"ఉప్మాయేనా అమ్మా?" అని అడిగారు ఉల్లిగడ్డలు కోస్తున్నామెను.

"ఉప్మనే. ఇంకో పావుగంట పడ్తది."

"పడనివ్వండి."

ప్రవీణ్ ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఏ ఊరు సార్ మీది?"

రంగనాథ్ ఇంజను ఆపి తలుపు తెరిచాడు.

"నరసాపురం దగ్గర పల్లెటూరు బాబూ. ఇక్కడికొచ్చి ముప్పై ఏడేళ్లు. రైల్వేలో చేశాను. మీరు పైన కూర్చున్న పట్టాలకు సిగ్నళ్లు వేసిన వాళ్లలో నేనూ ఉన్నాను."

ఎవరో నవ్వారు. "మరి ఇయ్యాల రైలెక్కలేదేంది సార్?"

"మీరు ఎక్కనిస్తేగా."

ఈసారి ఎక్కువ మంది నవ్వారు. "యాడికి పోతున్రు?" అన్నాడు ప్రవీణ్.

"మీ అన్నగారితో చదరంగం ఆడటానికి."

"మా అన్నతోనా? మీతోని ఆడతందుకు మిమ్ములనే తోల్కపోతుండా? మీరు రాకుంటే గెలుస్తడు గద."

"నేనూ అదే అడిగానండి."

కారు దిగి వచ్చిన రంగనాథ్ తొమ్మిదో ఆట సంగతి మళ్లీ చెప్పాడు. ఊరికే వచ్చిన పాయింటు లెక్కకు రాదని, ఆడితేనే లెక్క అని, పదిన్నర దాటితే అంతా మట్టిలో కలుస్తుందని. చెప్తూ పొయ్యిలో ఒక కట్టె ఎగదోశాడు, ఇంకోటి ఎగదోశాడు. వంట చేస్తున్నామె, "అన్నా, మాడుతది, చెయ్యి దియ్యి" అంది.

ప్రవీణ్ ఉల్లిగడ్డ ఒకటి తీసుకుని పొట్టు వలిచాడు. "ఆడకుంట వచ్చింది లెక్కకు రాదంటవ్."

"రాదు."

"మాకు గూడ రెండేండ్ల కింద డిసెంబర్ల తెలంగాణ గట్లనే ఇచ్చిన్రు. రెండు వారాల్ల వాపస్ గుంజుకున్నరు." పొట్టు పక్కన పడేశాడు. "కూసో అన్నా. సార్ కూసున్నడు గద. వంటావార్పు కాడికొచ్చి తినకుంట పోవుడు మాకు మర్యాద కాదు. తిన్నంక రాళ్లు మేమే జరుపుతం."

"పదిన్నరకు, తమ్మీ..."

"ఉప్మ నాతోని మాట్లాడదు అన్నా. అది ఉడికినప్పుడే ఉడుకుతది."

రంగనాథ్ కూర్చోలేకపోయాడు. గిన్నె దగ్గరికి, కారు దగ్గరికి, రాళ్ల దగ్గరికి తిరిగాడు. వాచీ చూశాడు. పది దాటి ఏడు నిమిషాలు. అబ్రహాం మాత్రం పక్కనున్న ముసలామెతో మోకాలి నొప్పికి వావిలాకు మంచిదా ఆముదం ఆకు మంచిదా అని మాట్లాడుతున్నారు. మరియమ్మ సంచి విప్పి ఇడ్లీలు అక్కడ పెట్టేశారు. అవి అయిపోయాక విస్తరాకుల్లో ఉప్మా వచ్చింది. ఆయన ఊదుకుంటూ తిన్నారు. "ఇంకొంచెం వెయ్యమ్మా" అన్నారు.

రంగనాథ్ మూడు ముద్దల్లో మింగేశాడు. నాలుక కాలింది.

ఎవరూ చెప్పకుండానే నలుగురు లేచి రాళ్లు దొర్లించారు. ప్రవీణ్ అందరికంటే పెద్ద రాయి పట్టాడు. "పొద్దుమీకి మల్ల ఈడికెంచే పోవాలె సార్. నేనుంట. ఎవడన్న ఏ జిల్లా అని అడిగితే నా పేరు చెప్పున్రి" అన్నాడు.

పది గంటల ఇరవై నాలుగు నిమిషాలకు ఇద్దరూ హాల్లోకి వచ్చారు. ఫిలిప్ గడియారం వైపు, వాళ్ల వైపు చూసి, ఆటల జాబితా మీద గీయబోతున్న పెన్నుకు మూతపెట్టాడు. రంగనాథ్‌కు ఉన్న తొంభై నిమిషాల్లో ముప్పై ఆరు మిగిలాయి. అబ్రహాంకు మొత్తం ఉన్నాయి.

"మొదటి ఎత్తు వెయ్యండి," అన్నారు అబ్రహాం కుర్చీలో సర్దుకుంటూ. "నేనూ ఒకటి వేస్తే మీ పని అయిపోయినట్టే."

రంగనాథ్ ఎప్పుడూ రాజు ముందరి బంటుతో మొదలుపెడతాడు. ఈసారి మంత్రి ముందరి బంటును జరిపాడు. అబ్రహాం జవాబిచ్చారు. అంతే, తొమ్మిదో ఆట లెక్కకు వచ్చేసింది. దానికోసమే ఇంత చేసినవాడికి తేలిక అనిపించాలి. అనిపించలేదు. కాలు బల్ల కింద ఆడుతూనే ఉంది.

కారులో విన్న మాట బుర్రలో తిరుగుతోంది. బల్లను లింగంపల్లి చుట్టుపక్కల దారుల్లా చూడాలనుకున్నాడు. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏ మూల ముందుగా పట్టుకోవాలి, ఏ పావు ఎక్కడ నిద్రపోవాలి. గుర్రాన్ని మధ్యకు తెచ్చి ఆపాడు. ఏనుగులను ఖాళీ దారి వెనక నిలబెట్టాడు. కొట్టగలిగిన బంటును కొట్టకుండా వదిలాడు. ఇరవై ఎత్తుల దాకా ఆయన ఆటలా లేదు. పక్క బల్లవాడు రెండుసార్లు తొంగి చూశాడు.

ఇరవై మూడో ఎత్తు దగ్గర చేతికి దురద పుట్టింది. అబ్రహాం రాజు పక్క బంటు మీదికి ఒంటెను విసిరేయొచ్చు. ఒంటె పోతుంది. రాజు బయటికొస్తాడు. వెనక గుర్రం, ఆ వెనక మంత్రి. హోటల్లో అయితే ఆలోచించేవాడే కాదు, వెనకున్న ఎనిమిది మంది ఆలోచించనిచ్చేవారూ కాదు. అబ్రహాం కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకుంటున్నారు. రంగనాథ్ కుడి చెయ్యిని తొడ కింద పెట్టుకున్నాడు. ఇయ్యాల వద్దు అనుకున్నాడు. ఎడమ చేత్తో ఏనుగును ఒక గడి పక్కకు జరిపాడు.

అబ్రహాం కళ్లద్దాలు పెట్టుకున్నారు.

ఆ తర్వాత కరెంటు పోయింది. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కాబట్టి ఆ నెలంతా అదే తంతు. ఫ్యాన్లు ఆగాయి, చొక్కాలు వీపులకు అంటుకున్నాయి. అబ్రహాం ఏమీ కొట్టలేదు. ఒక బంటును ముందుకు తోశారు, దాని వెనక ఇంకొకటి. ఆయన గుర్రం ఒకటి బల్ల నడిమధ్యకు వచ్చి కూర్చుంది. దాన్ని లేపడానికి రంగనాథ్ దగ్గర ఒక్క బంటూ మిగల్లేదు. ఊపిరాడటం లేదు. ఎటు చూసినా దారి ఉన్నట్టే ఉంది, ఎటు వెళ్లినా రాళ్లే. గడియారంలో నాలుగు నిమిషాలు.

ముప్పై ఎనిమిదో ఎత్తుకు రాజు చుట్టూ బిగిసింది. ఇంకా ఒక్క చెక్ కూడా పడలేదు. రంగనాథ్ చెయ్యి తనంతట తానే వెళ్లి రాజును ఎత్తింది. గాల్లో రెండు గడులు ముందుకు, ఒక గడి పక్కకు పోయి ఆగింది.

గుర్రం గంతు. లింగంపల్లి గంతు.

రాజు ఇంకా వేళ్ల మధ్యే ఉన్నాడు. కానీ ముట్టుకున్న పావును నడపాల్సిందే. అబ్రహాం ఆర్బిటర్‌ను పిలవలేదు, తలెత్తి చూడను కూడా లేదు. రాజుకు వెళ్లే చోటు ఒకటే ఉంది, మూల గడి. అక్కడ పెట్టాడు. తొమ్మిది ఎత్తుల తర్వాత ఓటమి ఒప్పుకుని చెయ్యి చాపాడు.

సంతకాలయ్యాక ఫిలిప్ ఆటల కాగితాన్ని ఫైల్లో పెడుతూ, "తొమ్మిది అయ్యాయి. నవంబరు జాబితాలోనో, ఆ తర్వాతి దాంట్లోనో నీ పేరు వస్తుంది. ఓడావు కాబట్టి అంకె కాస్త తగ్గుతుంది" అన్నాడు. ఆగి, "గెంతబోయావట కదా మళ్లీ?" అన్నాడు.

"గెంతలే సార్. ఎత్తిన, అంతే."

తిరుగు దారిలో అబ్రహాం వెనక సీటులో కాదు, ముందు కూర్చున్నారు. నల్లగండ్ల దాటాక ఆటలోకి వచ్చారు.

"ఇరవై మూడో ఎత్తులో ఒంటె మీద చెయ్యి వెయ్యబోయి ఆగారు కదండీ."

"చూసిన్రా సార్?"

"అంతకు ముందు నుంచే చూస్తున్నాను. కళ్లద్దాలు తుడుచుకున్నది అందుకే, చేతులు వణికితే కనపడకూడదని. అది వేసుంటే నేను పోయుండేవాణ్ణి. ఎన్ని రకాలుగా లెక్కేసినా నాకు దారి లేదు."

రంగనాథ్ బ్రేకు మీద కాలు వేశాడు. ఇండికా నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక ముందు ఏ బండీ లేదు.

"మీరే గద సార్ అన్నరు నెమ్మదిగ ఆడమని."

"నెమ్మదిగా ఆడమనలేదండి. కారు నడిపినట్టు ఎందుకు ఆడరని అడిగాను. మీరు అంతా నిన్నే సర్దిపెట్టుకున్నారు, సరే. కానీ పొద్దున వీధిలోకి కారు వచ్చాక ఎక్కకుండా కూర్చుంటే ఎలా?" ఆయన కిటికీ వైపు తిరిగారు. "నేనైతే కూర్చునేవాణ్ణేలెండి. అలాంటివి నేను నలభై ఏళ్లలో చాలా వదిలేశాను. అందుకే రైల్వే టీంలో ఎప్పుడూ నాలుగో బల్ల దాటలేదు."

రంగనాథ్ గేరు వేశాడు. ఇరవై మూడో ఎత్తు కళ్ల ముందు ఆడుతోంది. ఒంటె, రాజు, గుర్రం, మంత్రి. మళ్లీ మొదటి నుంచి. ఒంటె, రాజు. స్టీరింగు మీద వేళ్లు ఆ లెక్కకు తాళం వేస్తున్నాయి.

పట్టాల కింది దారి దగ్గర పొయ్యిలు ఆరిపోయాయి. ఆడవాళ్లు బూడిదతో గిన్నెలు తోముతున్నారు. కారును చూసి ప్రవీణ్ లేచి, పొద్దుటి పెద్ద రాయిని తనే దొర్లించాడు. కిటికీ దగ్గరికి వచ్చి ముందు అబ్రహాం మొహం, తర్వాత అన్న మొహం చూశాడు.

"ఏమైంది? గెలిచినవా?"

"ఆడిన," అన్నాడు రంగనాథ్. చెయ్యి అప్పటికే గేరు మీద ఉంది.